సీమాస్తర మెష్ నిర్మాణము

ప్రవాహగతిని కంప్యూటరు సహాయమున లెక్కించు విద్యలో, అనగా ఇంజనీర్లు సీఎఫ్‌డీ యని పొట్టిగా వ్యవహరించు శాస్త్రశాఖలో, ప్రవాహి నిండియుండు ప్రదేశమునంతటిని చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి ద్రవ్యరాశి, ద్రవ్యవేగము, శక్తి అను మూడింటి జమాఖర్చులను సరిచూచుట ప్రథమ కార్యము. ఈ గళ్ల సముదాయమునకే మెష్ అని పేరు. అందు ఘనవస్తువు గోడను అంటియుండు పలుచని ప్రాంతమున, గోడకు సమాంతరముగా పొరమీద పొరగా పేర్చబడు బల్లపరుపు గళ్ల వరుసలను సీమాస్తర మెష్, లేక బౌండరీ లేయర్ మెష్ అందురు; కొన్ని సాఫ్ట్‌వేర్లలో వీనికే ఇన్‌ఫ్లేషన్ లేయర్లనియు, ప్రిజమ్ లేయర్లనియు పేర్లు కలవు. మెష్‌లోని తక్కిన భాగమును చాలవరకు యంత్రమునకు వదలివేయవచ్చును గాని, కొద్ది మిల్లీమీటర్ల మందముగల యీ భాగమును మాత్రము మనుష్యుడే ఆలోచించి నిర్ణయింపవలసి యుండును. ఏలయన దీని కొలతలు వస్తువు ఆకారమును బట్టి మాత్రమే గాక, ఇంకను లెక్కింపబడని ప్రవాహమును బట్టి కూడ ఏర్పడుచున్నవి.

స్నిగ్ధత లేని ఆదర్శ ప్రవాహిలో కదలు వస్తువుపై నిరోధ బలమే ఉండదని 1752లో దాలంబేర్ గణితమున తేల్చి, అనుభవమునకు విరుద్ధమైన ఆ ఫలితమును చూచి తానే విస్తుపోయెను. పందొమ్మిదవ శతాబ్దమున నావియే, స్టోక్స్ మున్నగువారు స్నిగ్ధతను చేర్చిన సమీకరణములను వ్రాసిరిగాని, వానిని సాధించు ఉపాయము కొరవడెను. గాలికిని నీటికిని స్నిగ్ధత మిక్కిలి స్వల్పమైనదగుటచే దానిని వదలివేయుదమన్న దాలంబేర్ చిక్కు, ఉంచుదమన్న గణితపు చిక్కు. 1904 ఆగస్టులో హైడెల్బెర్గ్ నగరమున జరిగిన మూడవ అంతర్జాతీయ గణితశాస్త్ర మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ పది నిమిషములపాటు చేసిన ప్రసంగమున ఈ ముడి విడిపోయెను. గోడను తాకియున్న ప్రవాహి గోడతో పాటు నిలిచిపోవునని, ఆ నిశ్చలస్థితినుండి బయటి వేగమువరకు జరుగు మార్పంతయు గోడకు ఆనుకొనియున్న మిక్కిలి పలుచని స్తరములోనే ముగియునని, స్నిగ్ధత ప్రభావమును ఆ స్తరమునందు మాత్రమే లెక్కించి వెలుపల దానిని విస్మరింపవచ్చునని ఆయన ప్రతిపాదించెను. 1908లో ఆయన శిష్యుడు బ్లాసియస్ చదునైన పలకపై స్తరీయ ప్రవాహమునకు ఆ స్తరపు మందమును లెక్కగట్టెను.

స్తరము పలుచనగుట సిద్ధాంతకారునకు వరమైనను మెష్ నిర్మాతకు భారమైనది. మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చదునైన పలకపై సెకనుకు 30 మీటర్ల వేగముతో గాలి వీచుచున్నదనుకొందము. గాలి శుద్ధగతిక స్నిగ్ధతను సెకనుకు 0.000015 చదరపు మీటర్లుగా గ్రహించినచో, వేగమును పొడవుచే గుణించి ఆ స్నిగ్ధతచే భాగించగా వచ్చు రేనాల్డ్స్ సంఖ్య పలక వెనుక అంచువద్ద 20 లక్షలగును. ప్రవాహము మొదటినుండియే సంక్షుబ్ధమని, అనగా సుడులతో కూడినదని, ఎంచి, వాడుకలోనున్న సప్తమాంశ ఘాత సూత్రములను ప్రయోగించినచో, అచ్చట సీమాస్తరపు మందము సుమారు 20 మిల్లీమీటర్లు, ఘర్షణ గుణకము సుమారు 0.0032, దానినుండి లభించు ఘర్షణ వేగము సెకనుకు 1.2 మీటర్లు. స్నిగ్ధతను ఈ ఘర్షణ వేగముచే భాగించగా వచ్చు పొడవు మిల్లీమీటరులో ఎనుబదియవ వంతు, అనగా 0.0125 మి.మీ. గోడకు అతి సమీపమున ప్రవాహము నిజముగా ఎరిగిన కొలబద్ద ఇది యొక్కటే. మీటరుగాని మిల్లీమీటరుగాని దానికి పట్టదు. గోడనుండి దూరమును ఈ కొలబద్దతో కొలిచి చెప్పు సంఖ్యకే వై ప్లస్ అని పేరు.

ఇట్టి సూక్ష్మపు పొడవును పట్టుకొనుటకు 0.025 మి.మీ. భుజముగల ఘనాకారపు గళ్లతో ఆ 20 మి.మీ. స్తరమును నింపబూనినచో 1.28 లక్షల కోట్ల గళ్లు కావలసివచ్చును. ఏ యంత్రమునకైనను ఇది దుర్భరము. అయితే సీమాస్తరమున వేగము గోడకు లంబదిశలో శీఘ్రముగా మారునే గాని, గోడ వెంబడి నెమ్మదిగా మారును. కనుక లంబదిశలో పలుచగా, గోడ వెంబడి వెడల్పుగా గళ్లను మలచి, 5 మి.మీ. చదరములపై 28 పొరలను లేపినచో, అదే పని 11.2 లక్షల గళ్లతో నెరవేరును. గోడనంటిన గడి 5 మి.మీ. వెడల్పును 0.025 మి.మీ. మందమును గలదై, రెండింటి నిష్పత్తి 200 అగును. అన్యత్ర ఇట్టి గడిని చూచినచో మెష్ చెడిపోయినదని ఎవరైనను అనుకొందురు. ఇచ్చట మాత్రము అదియే గుణము. సీమాస్తర మెష్ అను ప్రయత్నమంతయు ఈ అసమానత నాధారము చేసికొని యున్నది.

పొరలు ఉల్లిపొరలవలె వస్తువు ఆకారమును అనుసరించి సాగును గాని, అన్నియు ఒకే మందమున ఉండవు. గోడవద్ద అతి పలుచనై, పైకి పోవుకొలది ఒక స్థిర నిష్పత్తిలో దళసరియగుచు వచ్చును. కావున నిర్మాత నిర్ణయింపవలసినవి మొదటి పొర మందము, వృద్ధి నిష్పత్తి, పొరల సంఖ్య. ఈ మూడు తెలిసినచో మొత్తపు మందము గుణశ్రేఢి సూత్రముచే తానే లభించును. మూడింటిలో మొదటిదే కష్టమైనది.

గోడ సమీప సంక్షుబ్ధ ప్రవాహము మూడు ప్రాంతములుగా ఉండును. వై ప్లస్ 5 వరకు స్నిగ్ధతయే ఏలును. అచ్చట వేగము దూరముతో సమానుపాతమున పెరుగును. సుమారు 30 దాటిన పిదప వేగము దూరపు లాగరిథమ్‌ను అనుసరించి పెరుగును. 1930 ప్రాంతమున ఫాన్ కార్మన్, ప్రాంట్ల్ స్థాపించిన యీ నియమములోని స్థిరాంకము, దాదాపు 0.41, నేటికిని కార్మన్ పేరనే చెలామణి యగుచున్నది. 5కు 30కి నడుమ ప్రాంతము ఆ నియమమునకు గాని ఈ నియమమునకు గాని లొంగదు. దీనినిబట్టి రెండు మార్గములు ఏర్పడినవి. ఒకటి, మొదటి గడి కేంద్రమును వై ప్లస్ 1 వద్ద ఉంచి, స్నిగ్ధ ప్రాంతమునంతటిని గళ్లతోనే లెక్కించుట; సంక్షోభమును లెక్కించు నమూనాలలో 1992 నాటి స్పాలార్ట్–ఆల్మరాస్ నమూనా, 1994లో మెంటర్ ప్రకటించిన ఎస్ఎస్‌టీ నమూనా సాధారణముగా ఈ మార్గమున వాడబడును. రెండవది, మొదటి గడి కేంద్రమును లాగరిథమ్ ప్రాంతమున, ముప్పదికిని మూడువందలకును నడుమ, ఉంచి, గోడవరకు గల మిగిలిన భాగమును సూత్రముచే పూరించుట. ఇట్టి సూత్రములకు వాల్ ఫంక్షన్లని పేరు, 1974లో లాండర్, స్పాల్డింగ్ ప్రకటించిన రూపము వీనిలో సుప్రసిద్ధము. పై పలకకే, గడి కేంద్రమును వై ప్లస్ 50 వద్ద ఉంచినచో మొదటి పొర 1.25 మి.మీ. మందమగును, 28 పొరలకు మారుగా 8 పొరలు చాలును. ఈ భేదమే వాల్ ఫంక్షన్లు పారిశ్రామిక లోకమున ఇంతకాలము నిలుచుటకు కారణము.

అయితే ఆ సూత్రము గోడవెంబడి సాఫీగా సాగు ప్రవాహమునకే చెల్లును. వంపు తిరిగిన తలముపై ఎదురు పీడనమునకు తాళలేక ప్రవాహము గోడను విడిచిపోవుచోట గోడ ఘర్షణ శూన్యమగును. ఘర్షణ వేగమును శూన్యమే. దానితో కొలబద్దయే మాయమగును. ప్రవాహము వేరుపడుటయే ముఖ్యవిషయమైన సమస్యలో, అనగా ఎత్తుకోణమున నున్న రెక్కపైనను, కారు వెనుకభాగమునను, డిఫ్యూజరులోను, వాల్ ఫంక్షన్లను నమ్ముట వెల తక్కువ పనియే గాని మంచి పని కాదు. మరియొక అపాయమును చెప్పవలసి యున్నది. పొదుపునకును నాణ్యతకును మధ్యేమార్గమని తలచి వై ప్లస్ 10, 15 వద్ద మొదటి గడిని నిలుపువారు కలరు. వారికి రెండు మార్గముల లాభములలో ఒకటియు దక్కదు. నేటి సాఫ్ట్‌వేర్లలో స్నిగ్ధ, లాగరిథమ్ నియమములను కలిపి ఏ దూరమునకైనను సరిపుచ్చు మిశ్రమ సూత్రములు ఉన్నమాట నిజమే. అవి దోషమును తగ్గించును గాని పోగొట్టవు.

ఇచ్చట ఒక తార్కిక వలయము గలదు. గోడ ఘర్షణను కనుగొనుటకే లెక్క. ఆ లెక్కకు మెష్ కావలెను. మెష్ మందమునకు ఆ ఘర్షణయే కావలెను. ఈ వలయమును ఛేదించుటకు పలకకు గల పాత ప్రయోగసూత్రములతో తొలి అంచనా వేసి, మెష్ కట్టి, లెక్క నడిపి, తేలిన వై ప్లస్‌ను గోడయంతట పరిశీలించి, అవసరమైనచో మొదటి పొరను సవరింతురు. ఈ అంచనా మోటుదైనను ప్రమాదము లేదు. మన పలకలో ముందంచునుండి 10 సెంటీమీటర్ల వద్ద చూచినను అదే 0.0125 మి.మీ. దూరమునకు వై ప్లస్ 1.26 మాత్రమే అగును. సీమాస్తరపు మందము మాత్రము 20 మి.మీ. నుండి 3.2 మి.మీ.కు తగ్గిపోవును. అనగా మొదటి పొరను వస్తువంతటికి ఒకే కొలతగా ఉంచుట చాలవరకు క్షమ్యమే. మొత్తపు మందమును అట్లుంచుట మాత్రము దూబరా, లేక లోపము.

ఆ ప్రయోగసూత్రముల వెనుక గోడపై ఒరపిడిని నేరుగా కొలిచిన శ్రమ ఉన్నది. తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సీమాస్తర పరిశోధనను పాదుకొల్పిన సతీశ్ ధావన్, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హాన్స్ లీప్‌మన్ వద్ద పరిశోధించుచు, పలకలోని ఒక చిన్న ముక్కను చుట్టునున్న తలమునుండి విడదీసి, స్వేచ్ఛగా కదలునట్లు అమర్చి, దానిపై గాలి కలిగించు ఈడ్పును కొలిచెను. ఆ కృషి 1953లో, నాసాకు పూర్వరూపమైన నాకా సంస్థ నివేదికగా వెలువడెను. శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రము నేడు ఆయన పేరనే ఉన్నది.

వృద్ధి నిష్పత్తి విషయము కొంత సులభము. 1.1 నుండి 1.3 లోపల ఉంచుట వాడుక. నిష్పత్తి పెరిగినకొద్ది పొరలు తగ్గును గాని, పక్కపక్క గళ్ల మందములు మిక్కిలి భేదించినప్పుడు వేగ ప్రవణతను లెక్కించు సూత్రపు నిశితత్వము ఒక మెట్టు దిగిపోవును. పై ఉదాహరణలో 1.1 అయినచో 47 పొరలు, 1.2 అయినచో 28, 1.4 అయినచో 18 పొరలు కావలెను. ఈ చివరిది పొదుపు అనిపించును గాని ఘర్షణ గుణకమున దోషము నూరక తెచ్చిపెట్టును. చివరి పొరకును దానిపై స్వేచ్ఛగా నిండు గళ్లకును పొత్తు కుదరవలెను. 1.2 నిష్పత్తిలో 28వ పొర మందము 3.4 మి.మీ. వచ్చుచున్నది, దానిపై 5 మి.మీ. గళ్లు వచ్చినచో సంధి సాఫీగా ఉండును, 20 మి.మీ. గళ్లు వచ్చినచో సీమాస్తరపు అంచున వేగరేఖ విరిగినట్లగును. పొరల సంఖ్యను గొప్పగా చెప్పుకొను నివేదికలు ఈ సంధిని గురించి సాధారణముగా మౌనము వహించును.

అమెరికా వైమానిక శాస్త్రజ్ఞుల సంఘమైన ఏఐఏఏ పక్షమున 2001 నుండి జరుగుచున్న డ్రాగ్ ప్రిడిక్షన్ వర్క్‌షాపులు, ఒకే విమానరూపమును పలువురిచేత లెక్కింపజేసి ఫలితములను సరిపోల్చు సభలు. వీని మెష్ నియమములలో స్థూలమైన మెష్‌కు వై ప్లస్ 1, మధ్యమమునకు 2/3, సూక్ష్మమునకు 4/9, అతిసూక్ష్మమునకు 8/27 అని నిర్దేశింపబడినది. వృద్ధి నిష్పత్తి 1.25ను మించరాదనియు, గోడవద్ద మొదటి రెండు పొరలు సమానమందమున ఉండవలెననియు కూడ నియమము. మెట్టుమెట్టునకు పొడవులు మూడింట రెండు వంతులగుచుండగా, గళ్ల సంఖ్య మూడు రెట్లకు పైగా పెరుగును. సూక్ష్మతరమగుకొలది గోడవద్ద పొరయు అదే పాళమున పలుచనగుట ముఖ్యము. బయటి గళ్లను మాత్రమే సన్నపరచి గోడపొరను అట్లే ఉంచినవాడు తన ఫలితము స్థిరపడినదని చెప్పుకొనుటకు అర్హుడు కాడు.

ఇట్టి మెష్‌ను కట్టు విధానముల చరిత్ర 1970లలో ప్రారంభమగును. 1974లో థాంప్సన్, థేమ్స్, మాస్టిన్ అను మువ్వురు, దీర్ఘవృత్తీయ అవకలన సమీకరణములను సాధించి, వస్తువు ఆకారమునకు అతుకుకొను గీతల మెష్‌ను పొందు మార్గము చూపిరి. 1980లో స్టెగర్, షోసే గోడనుండి బయలుదేరి బయటికి సాగు అతిపరవలయ పద్ధతిని తెచ్చిరి. దానిలో గీతలు గోడకు లంబముగా లేచుట సహజముగానే సిద్ధించును. అయితే చక్రములు, రెక్కలు, గొట్టములు కలిసిన జటిల రూపములకు క్రమబద్ధమైన గీతలు చాలక, చతుర్ముఖి గళ్లు వాడుకలోనికి వచ్చెను; అవి ఎట్టి సందునైనను నింపునుగాని, గోడవద్ద పలుచగా సాగదీసినచో వంకరలు పోవును. 1990లలో కాలిండెరిస్, లోనర్, పిర్జాదే మున్నగువారు ఈ రెండింటిని సంధింపజేసిరి: గోడపై త్రిభుజములను పరచి, ఒక్కొక్క మూలనుండి లంబముగా బిందువులను పైకి నడిపి, పట్టకాకార గళ్లను పొరలుగా లేపి, వాని పైన చతుర్ముఖులను నింపుట. నేటి వాణిజ్య సాఫ్ట్‌వేర్లు చాలవరకు చేయునది ఇదియే.

చదునైన పలకపై ఈ పని ఆటగా సాగును. మూలలవద్ద పరీక్ష మొదలగును. పుటాకారపు మూలలో, అనగా రెక్క విమానదేహమును కలియుచోట, రెండు తలములనుండి లేచు లంబములు ఒకదానితో నొకటి ఢీకొనును. అచ్చట పొరలను నొక్కి పలుచన చేయుటయో, సంఖ్యను తగ్గించుటయో తప్పదు. కుంభాకారపు అంచువద్ద లంబములు విడిపోయి నడుమ ఖాళీ మిగులును. దానిని పూరించుటకు ఒకే బిందువునుండి పెక్కు లంబములను లేపుదురు. టర్బైను బ్లేడు కొనకును దాని కవచమునకును నడుమ ఉండునటువంటి ఇరుకు సందులలో రెండువైపులనుండి వచ్చు పొరలు సందు మొత్తమును మింగివేయును. అచ్చట పొరలకు పైన స్వేచ్ఛాగళ్లను ఉంచవలెనని పట్టుపట్టుట వృథా. రెక్క వెనుకంచువద్ద మరియొక చిక్కు: సీమాస్తరము గోడను విడిచి వెనుకకు పీలికగా సాగును గాని, పొరలు గోడతోనే ఆగిపోవును. సీ అక్షరపు ఆకారమున రెక్కను చుట్టి వెనుకకు సాగు మెష్ ఈ లోపమును తొలుతనే తప్పించినది.

లండనులోని ఇంపీరియల్ కాలేజీలో పుట్టి, 2004లో ఉచితముగా విడుదలయైన సాఫ్ట్‌వేరగు ఓపెన్‌ఫోమ్‌లోని స్నాపీహెక్స్‌మెష్ అను పనిముట్టు ఈ కార్యమును నెరవేర్చు తీరు గమనింపదగినది. మొదట అది ప్రదేశమును షణ్ముఖి గళ్లతో నింపి, గోడను అంటునట్లు లాగి, పిమ్మట ఆ మెష్‌ను గోడనుండి కొంచెము వెనుకకు జరిపి, ఏర్పడిన ఖాళీలో పొరలను చొప్పించును. ఎచ్చటనైనను గడి వంకరపోయినచో, ఆ చోట పొరలను పలుచన చేయును, అప్పటికిని కుదరకున్నచో నిశ్శబ్దముగా తీసివేయును. నియమితకోణమును మించిన మడతలవద్ద అసలు చేర్చదు. చివర అచ్చువేయు పట్టికలో ఒక్కొక్క తలముపై సగటున ఎన్ని పొరలు నిలిచినవో, కోరిన మందములో నూటికెంత దక్కినదో కనబడును. పది కోరినచోట ఏడు నిలుచుట ఆశ్చర్యము కాదు. కావున కోరిన పొరల సంఖ్యను గాక ఈ పట్టికను చదువుటయే పద్ధతి. మందములను పైగడి పరిమాణములో భాగముగా చెప్పు ఏర్పాటు మరియొక ఉచ్చు: గోడపై ఒకచోట గళ్లు 4 మి.మీ., ప్రక్కచోట 2 మి.మీ. అయినచో, మొదటి పొర కూడ హఠాత్తుగా సగమై, వై ప్లస్ చిత్రములో ఆ సరిహద్దు గీచినట్లు కనబడును. వై ప్లస్ 1 కోరువారు మందములను నేరుగా మీటర్లలో చెప్పుట మేలు.

మెష్ చాలునో చాలదో తేల్చుటకు ఒకే ఒక మెష్ ఏనాడును సాక్ష్యము కాజాలదు. నాసా లాంగ్లీ కేంద్రము నెలకొల్పిన సంక్షోభ నమూనాల భాండారములో నాకా 0012 అను సమరూప రెక్కఛేదమునకు అయిదు మెష్‌ల కుటుంబము కలదు: సూక్ష్మతమమైనది 1793, 513 బిందువులది, దానినుండి ఒకటి విడిచి ఒకటి బిందువును తీసివేయుచు పోగా, చివరికి 113, 33 బిందువుల మెష్ మిగులును. బయటి హద్దు రెక్క వెడల్పునకు 500 రెట్ల దూరమున ఉండును. రేనాల్డ్స్ సంఖ్య 60 లక్షలు, మాక్ సంఖ్య 0.15, ఎత్తుకోణము 10 డిగ్రీలుగా ఈ సూక్ష్మ మెష్‌లపై వేర్వేరు సాఫ్ట్‌వేర్లు లెక్కించగా, లిఫ్ట్ గుణకము సుమారు 1.09 వద్దను, డ్రాగ్ గుణకము సుమారు 0.0123 వద్దను కూడుకొనును. క్రొత్తగా సాఫ్ట్‌వేర్ వ్రాసినవారు తొలుత ఈ గుమ్మమును దాటి రావలెను.

ఉష్ణమును లెక్కించునప్పుడు వేగమునకు చాలిన మెష్ చాలకపోవచ్చును. స్తరీయ ప్రవాహమున ఉష్ణస్తరపు మందము, ప్రాంట్ల్ సంఖ్య (స్నిగ్ధతకును ఉష్ణవ్యాపనమునకును గల నిష్పత్తి) ఒకటిని మించిన ప్రవాహులలో, ఆ సంఖ్య ఘనమూలమునకు విలోమముగా తగ్గును. 20 డిగ్రీల నీటిలో ఆ సంఖ్య సుమారు 7 కాగా, ఉష్ణస్తరము వేగస్తరములో సగము మందముండును. సంఖ్య వేయిగల నూనెలో పదవ వంతే. కావున నూనె చల్లార్చు గొట్టములకు పొరలను వేగము చూచి గాక ఉష్ణము చూచి వేయవలెను. ద్రవ సోడియములో దీనికి విపర్యయము. భూవాతావరణములోనికి మరలివచ్చు వ్యోమనౌక ముక్కుపై ఉష్ణప్రవాహమును లెక్కించువారు మొదటి పొరను వై ప్లస్ 1కి ఎంతో దిగువకు తెచ్చుట పరిపాటి; గోడ ఘర్షణ స్థిరపడిన మెష్‌పై కూడ ఉష్ణప్రవాహము ఇంకను కదలుచుండుట వారికి నిత్యానుభవము.

ఇంతవరకు చెప్పినదంతయు సంక్షోభమును సగటున లెక్కించు పద్ధతులకు సంబంధించినది. పెద్ద సుడులను ప్రత్యక్షముగా లెక్కించు ఎల్ఈఎస్ పద్ధతిలో గోడవెంబడి మార్పు నెమ్మదియన్న మాటయే చెల్లదు. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో క్లైన్ బృందము గోడ సమీపమున వేగము తగ్గిన సన్నని చారలను చూచి, చారకును చారకును దూరము సుమారు 100 గోడ ప్రమాణములని, అనగా వై ప్లస్ కొలబద్దకు 100 రెట్లని, కొలిచినది. వానిని పట్టుటకు అడ్డదిశలో గడి 15 నుండి 30 ప్రమాణములకు, ప్రవాహదిశలో 50 నుండి 100 ప్రమాణములకు మించరాదు. మన పలకపై అవి 20, 60 అనుకొన్నచో గళ్ల వెడల్పు 0.25 మి.మీ., పొడవు 0.75 మి.మీ.; పొరలు 28 ఉంచినను మొత్తము 11.2 లక్షలనుండి సుమారు 15 కోట్లకు ఎగబ్రాకును. 2012లో చోయ్, మోయిన్ చూపిన లెక్క ప్రకారము ఇట్టి మెష్‌లో గళ్ల సంఖ్య రేనాల్డ్స్ సంఖ్యకు 13/7 ఘాతమున పెరుగును. ఆ సంఖ్య పదిరెట్లైనచో గళ్లు 72 రెట్లగును. గోడవద్ద సూత్రమును నిలిపి, మొదటి గడిని మరల లాగరిథమ్ ప్రాంతమునకు నెట్టు మిశ్రమ ఎల్ఈఎస్‌లో మాత్రము పెరుగుదల రేనాల్డ్స్ సంఖ్యతో సమానుపాతమున ఉండును. విమానమంతటిని ఎల్ఈఎస్‌తో లెక్కించు నేటి ప్రయత్నములు సాధారణముగా ఈ రెండవ దారినే పట్టినవి.